వేడెక్కితే ఆగిపోయే ప్రీమియర్ పద్మిని: కార్బొరేటర్ మార్చే ముందు చూడవలసినవి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. తిరుపతిలో ఉంటున్న మీ వద్ద మీ నాన్నగారు వాడిన 1984 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. ఉదయం పూట చక్కగా స్టార్ట్ అవుతుంది, ఊళ్ళో ఇబ్బంది పెట్టదు. పీలేరు వైపు బయలుదేరి రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కుతున్నప్పుడు మాత్రం ఆగిపోతుంది. అరగంట చెట్టు నీడన నిలిపితే ఏమీ జరగనట్టు మళ్ళీ నడుస్తుంది. మెకానిక్ ఒకరు కొత్త కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) వేయాలంటున్నారు. అది నిజమేనా, ఈ పని ఇంటి షెడ్డులో స్వయంగా చేసుకోవచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడే కార్బొరేటర్ కొనవద్దు. బండి ఆగిన మొదటి అయిదు నిమిషాల్లో ప్లగ్గులకు కరెంటు అందడం లేదా, లేక ఇంజనుకు పెట్రోలు అందడం లేదా అన్నది తేల్చుకోవాలి. అది తేలేవరకు ఏ సామానూ మార్చకూడదు. ఇది ఇంట్లో చేసుకోదగిన పనే, కానీ అసలు పరీక్ష ఇంట్లో జరగదు. వేడి మీద వచ్చే లోపాన్ని వేడి మీదే, బండి ఆగిన చోటే పట్టుకోవాలి. చల్లారిన బండిని షెడ్డులోకి తెచ్చి ఎంత వెతికినా దానిలో లోపం కనిపించదు. అప్పుడు మెకానిక్ ఊహ మీద ఆధారపడతాడు, ఆ ఊహ చాలాసార్లు కార్బొరేటర్ దగ్గరే ఆగుతుంది.

చిత్తూరులో మా ఇంటి షెడ్డులో ఒక పద్మినినీ ఒక అంబాసిడర్‌నూ చాలా ఏళ్ళుగా నడుపుకుంటున్నాను. తెలిసినవారి పాత బండ్లు కూడా తరచూ మా షెడ్డుకు వస్తుంటాయి. వేడికి ఆగిపోతున్నాయంటూ వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఇగ్నిషన్ లోపాలే, అంటే ప్లగ్గుల్లో స్పార్కు పుట్టించే కరెంటు వైపు లోపాలే. తక్కినవాటిలో అధికం ట్యాంకు నుండి పంపు దాకా ఉన్న దారిలోనివి. నిజంగా కార్బొరేటరే కారణమైన బండ్లు నాకు అరుదుగా తగిలాయి.

అరగంట తర్వాత నడుస్తోంది కాబట్టి పెట్రోలు ఆవిరైపోతోందని చాలామంది తీర్మానిస్తారు. ఆ గుర్తు మీద ఆధారపడడానికి వీల్లేదు. ఇగ్నిషన్‌లోని కండెన్సర్ అనే చిన్న డబ్బా వేడికి చెడితే చల్లారాక పనిచేస్తుంది. స్పార్కుకు కావలసిన పెద్ద వోల్టేజి పుట్టించే కాయిల్ కూడా అంతే. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయి ఉంటే అరగంటలో గాలి మెల్లగా లోపలికి చేరి పెట్రోలు మళ్ళీ కదులుతుంది. ట్యాంకు అడుగున చేరిన తుప్పు పీల్చే గొట్టం మూతికి అడ్డుపడితే, ఇంజను ఆగాక అది కిందికి జారి దారి తెరుచుకుంటుంది. ఇన్ని వేర్వేరు జబ్బులకూ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే.

వాటిని వేరు చేసే మొదటి ఆధారం బండి ఆగే తీరు. కీ తిప్పి ఆపినట్టు ఒక్కసారిగా చచ్చిపోతే ఇగ్నిషన్‌ను అనుమానించండి. ముందు ఎత్తిపడేసి, జర్కులిచ్చి, ఆక్సిలరేటర్ తొక్కినకొద్దీ బలహీనపడి, చివరికి ఆగితే పెట్రోలు వైపు చూడండి. ఇది ఖచ్చితమైన సూత్రం కాదు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. మీ ప్రశ్నలో ఈ వివరం లేదు. ఈసారి ఆగినప్పుడు తప్పక గమనించండి.

ఆగిన చోట చేయవలసిన పరీక్షలు ఈ వరుసలోనే చేయాలి, ఎందుకంటే ఒకదాని ఆనవాలును ఇంకొకటి చెరిపేస్తుంది. బండిని రోడ్డు అంచుకు, మలుపుకు దూరంగా తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల వెనుక రాళ్ళు పెట్టాక ముందుగా పెట్రోలు ట్యాంకు మూత తెరవండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు గట్టిగా వినిపిస్తే, వెంటనే బండి స్టార్ట్ అయితే, మీ సమస్య తీరినట్టే. మూత రంధ్రం శుభ్రం చేస్తే చాలు. రంధ్రం లేని మూతను ఎవరో ఎప్పుడో మార్చి బిగించి ఉండడం కూడా చూశాను.

తర్వాత స్పార్కు చూడాలి. కాయిల్ నుండి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత నడిమికి వచ్చే లావు వైరును మూత వైపు నుండి ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకుని, దాని కొనను ఇంజను ఇనుప భాగానికి సుమారు అర సెంటీమీటరు దూరంలో ఉంచి, పక్కవారిని సెల్ఫ్ కొట్టమనండి. చిటపటమని చప్పుడు చేస్తూ నీలంగా, లావుగా స్పార్కు దూకితే కాయిల్, కండెన్సర్, పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో కలుస్తూ విడిపోతూ కాయిల్‌కు కరెంటును తెంచే మొనలు) అప్పటికి పనిచేస్తున్నట్టు. పసుపుగా, సన్నగా, తడబడుతూ వస్తే, లేదా అసలు రాకపోతే, కార్బొరేటర్ ఊసే ఎత్తనక్కరలేదు. పెట్రోలు వాసన గట్టిగా వస్తున్నా, ఎక్కడైనా కారుతున్నా ఈ పరీక్ష చేయకండి. ముందు బానెట్ తెరిచి గాలి ఆడనివ్వండి.

స్పార్కు బాగుంటే ఎయిర్ క్లీనర్ తీసి కార్బొరేటర్ నోట్లోకి చూస్తూ, ఆక్సిలరేటర్ లింకును చేత్తో ఒకసారి పూర్తిగా లాగండి. లోపలి సన్నని గొట్టం నుండి పెట్రోలు దారగా చిమ్మితే ఫ్లోట్ చాంబర్‌లో, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెలో, పెట్రోలు ఉన్నట్టు. పొడిగా ఉంటే అక్కడికి పెట్రోలు రావడం లేదని తేలిపోయింది. ఇప్పుడు ఒక తడిగుడ్డను ఫ్యూయల్ పంపు మీద, దానికి వచ్చే గొట్టం మీద చుట్టి కాసేపాగి స్టార్ట్ చేయండి. వెంటనే లేస్తే పెట్రోలు ఆవిరి వల్లనే ఆగిందన్న మాటకు మొదటిసారి ఆధారం దొరికినట్టు. మీరు చూసినదంతా అక్కడే ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటికి చేరేసరికి జ్ఞాపకం మనకు అనుకూలంగా మారిపోతుంది.

ఇక కారణాల సంగతి. వేడికి ఆగే పాత బండిలో నేను మొదట అనుమానించేది కండెన్సర్. డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండే ఆ చిన్న డబ్బా పాయింట్లు విడిపోయే క్షణంలో అక్కడ నిప్పురవ్వ లేవకుండా చూస్తుంది. అప్పుడే కాయిల్‌లో ప్రవాహం చటుక్కున తెగి పెద్ద వోల్టేజి పుడుతుంది. కండెన్సర్ లోపలి పొరలు వేడికి లీకైతే పాయింట్ల మధ్య రవ్వ లేస్తుంది, ప్లగ్గు దగ్గర స్పార్కు చచ్చిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లను దగ్గరగా చూడండి. ఒక మొహం మీద గుంట, రెండో మొహం మీద చిన్న గుట్ట, చుట్టూ నల్లగా మాడిన మచ్చ కనిపిస్తే కండెన్సర్‌ను నమ్మకండి. మల్టీమీటరుతో కొలిస్తే ఇది 0.2 నుండి 0.25 మైక్రోఫారడ్ మధ్య చూపాలి. అయితే చల్లగా ఉన్నప్పుడు సరిగా చూపినంత మాత్రాన వేడిలో నిలుస్తుందని కాదు. ఇప్పుడు బజారులో దొరికే కొత్త కండెన్సర్ల నాణ్యత ఒకే తీరుగా ఉండదు. అందుకే కొన్నదాన్ని బిగించి ఒక వేసవి నడిపి, నిలిచిందని తేలాకే పాతదాన్ని పారేయమని చెబుతాను.

కాయిల్ విషయంలో ఒక సంగతి చెప్పాలి. చిత్తూరులో మా వీధివారి పద్మిని మొగిలి ఘాట్ ఎక్కుతూ పదేపదే ఆగిపోయేది. వారు పంపు మార్చారు, కార్బొరేటర్ మార్చారు, చివరికి ఇంజను విప్పించే ఆలోచనలో ఉన్నారు. నా వద్దకు తెచ్చినప్పుడు కాయిల్‌ను ముట్టుకుంటే చేయి నిలవలేదు. రెండు చిన్న టెర్మినళ్ళ మధ్య కొలిస్తే ఒకటిన్నర ఓమ్‌లు మాత్రమే ఉంది. అది కరెంటును తగ్గించే బల్లాస్ట్ రెసిస్టర్‌తో జతగా వాడవలసిన కాయిల్, ఆ బండిలో రెసిస్టరే లేదు. నేరుగా పన్నెండు వోల్టులు అందేసరికి అవసరానికి మించిన కరెంటు పారి, అరగంటలో కాయిల్ కాగిపోయి స్పార్కు చచ్చేది. సుమారు మూడు ఓమ్‌ల కాయిల్ వేశాక ఆ బండి బెంగళూరు దాకా వెళ్ళి వచ్చింది. మీ కాయిల్‌ను కూడా చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఘాట్ ఎక్కి ఆగినప్పుడు ఒకసారి కొలవండి.

పాయింట్ల గ్యాప్ చాలామంది కంటి అంచనాతో పెడతారు, దయచేసి అలా చేయకండి. సన్నని సందును కొలిచే ఫీలర్ గేజ్ ఖరీదైనది కాదు. పద్మినికి సుమారు 0.45 మిల్లీమీటర్లు సరిపోతుంది, అంబాసిడర్‌కు 0.35 నుండి 0.40. బండితో వచ్చిన పుస్తకం మీ దగ్గర ఉంటే దానిలోని అంకెనే పాటించండి. పాయింట్ల మడమ అరిగినకొద్దీ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనకబడుతుంది. టైమింగ్ వెనకబడిన ఇంజను ఎక్కుడులో బలం చాలక మరింత కాగుతుంది. ఆ వేడి కండెన్సర్‌నూ కాయిల్‌నూ పెట్రోలు గొట్టాన్నీ ఒకేసారి పరీక్షిస్తుంది. మైదానంలో బాగా నడిచే బండి ఘాట్‌లో ఎందుకు తడబడుతుందో ఈ గొలుసు అర్థమైతే తెలుస్తుంది. అందుకే ముందు గ్యాప్, ఆ తర్వాతే టైమింగ్ సరిచేయాలి. ఈ క్రమం తిరగబడితే చేసిన పని వృథా. పాయింట్ల మొహాలను గరుకు కాగితంతో రుద్దకండి, దాని రేణువులు అక్కడే నాటుకుంటాయి. సన్నని ఆకురాయి వాడి, పెట్రోలులో తడిపిన శుభ్రమైన అట్టముక్కను మొహాల మధ్య లాగితే చాలు.

ఎవరూ చూడని చోటు ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లకు కరెంటు తెచ్చే చిన్న మెత్తటి వైరు. వాక్యూం అడ్వాన్స్ (ఇంజను పీల్పును బట్టి స్పార్కు సమయాన్ని జరిపే ఏర్పాటు) ఉన్న డిస్ట్రిబ్యూటర్లలో లోపలి ప్లేటు అటూ ఇటూ కదులుతున్నకొద్దీ ఈ వైరు మడతపడి, పైతొడుగు బాగానే ఉన్నా లోపలి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోతాయి. ఆక్సిలరేటర్ తొక్కే తీరును బట్టి ప్లేటు కదిలి, ఒక స్థానంలో కరెంటు తెగి, ఇంకో స్థానంలో కలుస్తుంది. వేలితో ప్లేటును మెల్లగా కదిపి చూస్తూ మల్టీమీటరుతో కొలవండి.

ఇక పెట్రోలు వైపు. పద్మినిలో ట్యాంకు వెనుక ఉంటుంది, పంపు ముందు ఇంజను మీద ఉంటుంది. ఇంజను తిప్పే ఆ పంపు పెట్రోలును అంత దూరం నుండి పీల్చుకోవాలి. పీల్పు వల్ల గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గిన ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. మన వేసవిలో, ఎక్కుడులో, రెండో గేరులో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఇంజను గదిలోకి గాలి సరిపడా రాదు. పంపు దగ్గర పెట్రోలు బుడగలుగా మారితే పంపు ఆ ఆవిరిని నెట్టలేదు. ఇది నిజమైన జబ్బే, లేదని నేను అనడం లేదు.

పైగా ఇప్పటి పెట్రోలు మీ బండి పుట్టిన నాటి పెట్రోలు కాదు. దేశంలో పది శాతం ఇథనాల్ కలపడం 2022లో పూర్తిస్థాయికి చేరింది, 2025 నాటికి అది ఇరవై శాతానికి పెరిగింది. ఇథనాల్‌తో పాత బండికి వచ్చే చిక్కులు మూడు. మొదటిది, పాత రబ్బరు గొట్టాలనూ పంపు డయాఫ్రంనూ (పంపులో కదిలే మెత్తటి పొర) కార్కు ప్యాకింగులనూ అది మెత్తబరచి, ఉబ్బించి, ఆరినప్పుడు పగిలేలా చేస్తుంది. రెండోది, నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో ఆ నీరు ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. మూడోది, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది గనుక కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలైన జెట్లు అవే ఉన్నా, పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది. కొత్త బండ్లలో కంప్యూటరు దాన్ని సర్దుకుంటుంది, సోలెక్స్ కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. మిశ్రమం పలచబడిన ఇంజను ఎక్కుడులో బలహీనపడి ఎక్కువగా వేడెక్కుతుంది. అన్నీ సరిచేశాక కూడా ప్లగ్గుల కొనలు సున్నంలా తెల్లగా కనిపిస్తుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచడం న్యాయమే. కానీ అది చివరి పని.

మా అంబాసిడర్‌లో ఒకసారి ట్యాంకు దగ్గరి రబ్బరు ముక్క నెర్రెలిచ్చింది. అది పీల్చే వైపున ఉంది కనుక పెట్రోలు బయటికి కారలేదు, గాలి లోపలికి వెళ్ళింది. నేల మీద ఒక్క చుక్క మరక లేకుండానే బండి ఎక్కుడులో ఆకలితో ఆగేది. అందువల్ల కారడం లేదన్న ఒక్క కారణంతో గొట్టాలు బాగున్నాయని అనుకోకండి. ట్యాంకు నుండి కార్బొరేటర్ దాకా ఉన్న రబ్బరునంతా ఇథనాల్‌కు తట్టుకునే ఫ్యూయల్ ఇంజక్షన్ రకం గొట్టంతో ఒకేసారి మార్చండి. లోపం తేలేవరకు ఏదీ మార్చవద్దన్న, మార్చినా ఒకసారికి ఒకటే మార్చాలన్న నియమానికి నేను ఇచ్చే మినహాయింపు ఇదొక్కటే, ఎందుకంటే ఇది అగ్నిప్రమాదానికి సంబంధించిన విషయం. పంపు కిట్ కొనేటప్పుడు కూడా డయాఫ్రం ఇథనాల్‌కు పనికొస్తుందా అని అడగండి. తిరుపతిలో దొరకనివి చెన్నైలో పుదుపేట, జీపీ రోడ్డు దుకాణాల్లో వెతికితే దొరుకుతాయి. పాత ముక్కను చేతిలో పట్టుకుని వెళ్ళండి, ఫోనులో వర్ణించి తెప్పించుకున్నది సరిపోవడం అరుదు.

కార్బొరేటర్ కింద ఉండవలసిన మందపాటి ఇన్సులేటర్ ప్యాకింగ్, పంపు కింది ఇన్సులేటర్, వేడి అడ్డుకునే రేకు ఉంటే ఆ రేకు మీ బండిలో ఉన్నాయో లేదో చూడండి. ఎన్నో చేతులు మారిన బండ్లలో ఇవి ఎప్పుడో పోయి, వాటి చోట సాదా కాగితపు ప్యాకింగ్ ఉంటుంది. పెట్రోలు గొట్టం సైలెన్సర్ పైపుకు ఆనుకుని పోతుంటే దూరంగా జరిపి కట్టండి. ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. వెనక నుండి నెట్టే పంపు ఆవిరి సమస్యను తగ్గిస్తుందన్నది నిజమే. కానీ ఎక్కువ ఒత్తిడి పంపు పెడితే ఫ్లోట్ సూది నిలవక పెట్రోలు పొంగుతుంది, ప్రమాదంలో ఇంజను ఆగినా పంపు ఆగకపోతే మంటలు రేగవచ్చు. తక్కువ ఒత్తిడి పంపు, ఇంజను ఆగితే దానంతట అదే ఆగే రిలే లేకుండా దాని జోలికి పోవద్దు.

వేడి గురించి ఇంత మాట్లాడుకున్నాక రేడియేటర్‌ను వదిలేయకూడదు. మన ప్రాంతపు బోరు నీళ్ళతో పొయ్యి మీది గిన్నెలు తెల్లగా పొరకట్టడం మీరు చూసే ఉంటారు, అదే పొర రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ మాత్రమే పోయండి. ఇంజను పూర్తిగా చల్లారాక, రాత్రంతా నిలిపిన బండి రేడియేటర్‌ను ఉదయాన్నే తెరిచి, లోపలి గొట్టాల మూతులు టార్చి వేసి చూడండి. తెల్లటి పొలుసులు కనిపిస్తే విప్పించి శుభ్రం చేయించాలి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్ళు వదిలే వాల్వు) పీకేయడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. దానివల్ల ఉదయం ఇంజను వేడెక్కడం ఆలస్యమవుతుంది, అసలు కారణం మాత్రం అలాగే దాగి ఉంటుంది. పద్మినిలో ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు ఉంటుంది. ఒకసారి బాగా కాగితే ఆ హెడ్డు వంగిపోతుంది. ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే ఊరు ఇంకా ఎంత దూరమని లెక్క వేయకుండా ఆపేయండి.

ఇంట్లో చేసుకోవచ్చా అన్న రెండో ప్రశ్నకు వస్తాను. ఇగ్నిషన్, గొట్టాలు, పంపు, ప్లగ్గులు, కూలెంట్ పనులు ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోవచ్చు. ఫీలర్ గేజ్, మల్టీమీటరు, పన్నెండు వోల్టుల టెస్ట్ ల్యాంప్, ప్లగ్ స్పానర్, వీలైతే టైమింగ్ లైటు ఉంటే చాలు. బ్రేకుల పనిని మాత్రం తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకోకుండా ఒంటరిగా మొదలుపెట్టవద్దు. ఆ బండి ఘాట్ ఎక్కడమే కాదు, దిగాలి కూడా. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న బండి అది, దిగుడులో గేరు మీద నడిపించాలి.

షెడ్డులో పెట్రోలు దారిని విప్పే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీయండి, తలుపులు తెరిచి ఉంచండి. అదే గదిలో ఇన్వర్టరు, నీళ్ళ మోటారు స్విచ్చి, పూజ దీపం, గ్యాసు పొయ్యి ఏదీ ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీద పాకుతూ పక్క గదిలోని నిప్పును చేరుతుంది. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎప్పుడూ దూరవద్దు. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ చెప్పకుండా పగులుతాయి, ఇనుప స్టాండ్లు కొనండి.

మీరైతే ఈ వరుసలో సాగండి. రబ్బరు గొట్టాలన్నీ మార్చి, ట్యాంకు మూత రంధ్రం చూసి, పాయింట్ల గ్యాప్, టైమింగ్ సరిచేసుకుని, ఉదయం కాకుండా మధ్యాహ్నం పూట తోడుగా ఒకరిని తీసుకుని ఘాట్ ఎక్కండి. బండి ఆగితే పైన చెప్పిన పరీక్షలు చేయండి. కండెన్సర్ అనుమానమైతే కండెన్సర్ ఒక్కటే మార్చి, అదే దారిలో, అదే వేళకు మళ్ళీ నడపండి. రెండు సామాన్లు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు, రేపు మళ్ళీ ఆగినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. బండి ఎలా ఆగింది, స్పార్కు రంగు ఏమిటి, కార్బొరేటర్‌లో పెట్రోలు చిమ్మిందా, కాయిల్ చల్లగా ఉన్నప్పుడూ వేడిగా ఉన్నప్పుడూ ఎన్ని ఓమ్‌లు చూపింది అన్న నాలుగు సంగతులు ఇక్కడే రాయండి. వాటిని చూసి తర్వాత ఏం విప్పాలో చెబుతాను.